పడవలావిడ ఇక పడవలే వెయ్యాలా?

ఉప్పుగాలి
డిసెంబర్ 1, రాత్రి 10.50

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాసింది తక్కువ. ఈసారి మీ సలహా కావాలి, కాస్త పొడుగైనా ఓపిక పట్టండి.

హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక, 2014 చివర్లో, వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న బోట్లు, తెగిన తాళ్లు. ప్యాలెట్ నైఫ్‌తో దట్టంగా నీలం, మీద తెలుపు. జనానికి నచ్చాయి. తర్వాత బాగున్న బోట్లు కూడా అలాగే వేశాను, అవి ఇంకా నచ్చాయి. ఇప్పుడు నా పేరు చెబితే ఎవరికీ తెలీదు, 'పడవలావిడ' అంటే మాత్రం గుర్తుపడతారు.

2023 నవంబర్ 19 రాత్రి హార్బర్‌లో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి కదా. రెండ్రోజులాగి వెళ్లాను. నేను ఎన్నోసార్లు వేసిన వరస అది. చెక్కలు నల్లటి పక్కటెముకల్లా నిలబడి ఉన్నాయి, నీళ్ల మీద డీజిల్ తెట్టు కట్టింది. ఇంటికొచ్చి నీలం ట్యూబు మూత తియ్యబోతే చెయ్యాడలేదు. కొన్నాళ్లు బొగ్గుతో గీశాను. కొన్న ఒక్కాయనా 'ఇంట్లో పెట్టుకుంటే బాగోదని మా ఆవిడ అంటోందండీ' అని వెనక్కి తెచ్చిచ్చారు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు వెయ్యడం మొదలుపెట్టాను, మట్టితోనే రంగు చేసుకుని, కాగితం మీద.

పోయిన నెల నలుగురం కలిసి ఒక ప్రదర్శన పెట్టుకున్నాం. నావి పన్నెండు. నాలుగు పాత పడవలు, ఎనిమిది మట్టి బొమ్మలు. పడవలు మూడు అమ్ముడయ్యాయి. మట్టివి ఒక్కటీ కదల్లేదు. ఒకాయన వాటి ముందు నిలబడి, పక్కనే ఉన్న నన్నే 'ఇవెవరు వేశారండీ?' అని అడిగారు. నేనే అంటే నమ్మలేదు. ప్రదర్శనకి గోడలు ఇప్పించినాయన చివరిరోజు మెల్లిగా చెప్పారు: 'మేడం, ఒక్కటే పట్టుకోండి. పేరొచ్చాక మార్చుకోవచ్చు.'

నాకు 46 ఏళ్లు. పేరొచ్చాక అంటే ఎప్పుడు? అదీ నా ప్రశ్న.


మధురవాడ_ఐటీ
డిసెంబర్ 1, రాత్రి 11.20

కొనేవాడి వైపు నుంచి చెప్తాను, తిట్టకండి. మా హాల్లో మూడు బొమ్మలున్నాయి. నేను కొన్నది బొమ్మని మాత్రమే కాదు, 'ఇది ఫలానా ఆయనది' అని వచ్చినవాళ్లకి చెప్పుకునే అవకాశాన్ని కూడా. ముప్పై వేలు పెట్టాక ఎవరూ గుర్తుపట్టకపోతే నాకు టెన్షనే. తప్పంటారా?

ఇంకోటి. మీరు వచ్చే ఏడాది ఇంకేదో వేస్తే, నా దగ్గరున్నది 'ఆవిడ మానేసినవి' అయిపోతుంది. దాని విలువ పెరుగుతుందో తగ్గుతుందో నాకు తెలీదు.


ఎదురుగాలి
డిసెంబర్ 1, రాత్రి 11.45

తప్పనట్లేదు, కానీ అసలు సంగతి మీరే చెప్పేశారు. 'శైలి' అనేది గోడలు అద్దెకిచ్చేవాళ్ల మాట. సబ్బు డబ్బా మీద రంగు మారిస్తే అమ్మకం పడిపోతుందని కంపెనీవాడు భయపడతాడు చూడండి, ఇదీ అంతే.

ఫిలిప్ గస్టన్ అని అమెరికా చిత్రకారుడు. పదిహేనేళ్ల పైచిలుకు గుర్తుపట్టే ఆకారాల్లేని అబ్‌స్ట్రాక్ట్ వేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. 1970లో న్యూయార్క్‌లో ప్రదర్శన పెడితే గోడలనిండా ముసుగు మనుషులు, బూట్లు, సిగరెట్లు, కార్టూన్‌లా. విమర్శకులు చీల్చి చెండాడారు. ప్రాణస్నేహితుడైన ఒక సంగీతకారుడు మాటలు మానేశాడు. ఆయన మాత్రం 1980లో పోయేదాకా అవే వేశాడు. ఇవాళ గస్టన్ అంటే ముందు గుర్తొచ్చేది ఆ బూట్లే. 'పేరొచ్చాక మార్చుకోవచ్చు' అన్న మాట ఎంత అబద్ధమో చూడండి. అప్పటికే పేరుంది, అయినా తిట్లు తప్పలేదు.

అక్కా, మట్టి వెయ్యండి. పడవల్ని మర్చిపోండి.


రీలురాణి
డిసెంబర్ 2, ఉదయం 7.10

'మర్చిపోండి' అని చెప్పడం తేలికండీ, ఈఎంఐ మీది కాదు కదా.

నేను డిజిటల్. ఇన్‌స్టాలో మొదట అన్నీ పెట్టేదాన్ని, ఓరోజు పిల్లులు, ఓరోజు పాత బిల్డింగులు. ఎవరూ ఆగలేదు. తర్వాత గులాబీ ఆకాశం, దాని కింద వైజాగ్ జంక్షన్లు, అదొక్కటే పెట్టడం మొదలుపెట్టాను. ఆరు నెలల్లో ఆర్డర్లు వచ్చాయి. ఇప్పుడు మామూలు ఆకాశం వేస్తే 'అకౌంట్ హ్యాక్ అయ్యిందా?' అని కామెంటు. నవ్వొస్తుంది, కాసేపయ్యాక నవ్వు రాదు. ఇంకో పేరుతో ఒక అకౌంట్ తెరిచి అందులో నాకు నచ్చినవి వేసుకుంటున్నాను. 41 మంది ఫాలోవర్లు. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది.


గంగవరం_గంగులు
డిసెంబర్ 2, ఉదయం 8.05

అసలు చర్చకి సంబంధం లేదు గానీ అడగక తప్పట్లేదు. మేడం, ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెస్తున్నారా? అది జియోలాజికల్ సర్వేవాళ్లు గుర్తించిన భూవారసత్వ స్థలం. తమిళనాడులో ఒకచోటా శ్రీలంకలో ఒకచోటా తప్ప మన చుట్టుపక్కల అలాంటివి లేవంటారు. వేల ఏళ్ల పాటు గాలీ నీరూ కలిసి పేర్చిన ఇసుక. ఇప్పటికే లేఅవుట్లవాళ్లు అంచులు కొరికేస్తున్నారు. కళ పేరుతో మనమూ సంచులు పట్టుకెళ్తే ఎలాగండీ?


ఉప్పుగాలి
డిసెంబర్ 2, మధ్యాహ్నం 1.30

అయ్యయ్యో, దిబ్బల నుంచి చిటికెడు కూడా తీసుకోలేదండీ! నేను సరిగ్గా రాయలేదు. అక్కడ కూర్చుని స్కెచ్ గీసుకుని వస్తాను, అంతే. మట్టి మా వీధిలో అపార్ట్‌మెంటుకి పునాది తవ్వితే వచ్చింది. వాచ్‌మన్‌ని అడిగితే 'రెండు బకెట్లా? లారీడు పట్టుకెళ్లండమ్మా' అన్నాడు.

ఎలా చేస్తానో ఇద్దరు మెసేజ్‌లో అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తాను. మట్టిని బకెట్ నీళ్లలో బాగా కలిపి ఒక్క నిమిషం ఆగితే ఇసుకా రాళ్లూ అడుక్కి పోతాయి. పైనున్న ఎర్రనీళ్లని వేరే గిన్నెలోకి వంచుకోవాలి. ఇలా మూడుసార్లు. ఆఖరి నీళ్లని రాత్రంతా కదపకుండా వదిలేస్తే తెల్లారేసరికి అడుగున మీగడలాంటి బురద పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టి, నూరి, తుమ్మ బంక నానబెట్టిన నీళ్లతో కలపాలి. రెండు చుక్కలు తేనె, ఒక చుక్క లవంగ నూనె. తేనె ఎక్కువేశారో, కాగితం మీదకి చీమలు బారులు తీరతాయి. మొదటి బొమ్మ నాకలాగే పోయింది. లవంగ నూనె వెయ్యకపోతే మన ఊరి ఉక్కకి గిన్నెలోనే బూజు పడుతుంది.

ఒకే మట్టి. పల్చగా వేస్తే నారింజ, దట్టంగా వేస్తే ఇటుక రంగు, రేకు మీద కాలిస్తే ఇంకా ముదురు. పదేళ్లు నీలం ట్యూబులు నొక్కిన నాకు ఇది చూస్తే చిన్నపిల్లనైపోయినట్టుంది. అసలు కారణం ఇదేనేమో.


పాత_మాస్టారు
డిసెంబర్ 2, సాయంత్రం 5.40

అమ్మా, ముప్పై ఒక్క ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైర్ అయినవాణ్ణి. నా మాట కొంచెం పాతవాసన వేస్తుంది.

శైలిని ఎంచుకోవడం, వదిలేయడం అనే మాటలే నాకు మింగుడుపడవు. చేతిరాతని ఎవరైనా ఎంచుకుంటారా? బాపుగారిని తీసుకోండి. కార్టూను వేసినా, కథకి బొమ్మ వేసినా, రాముణ్ణి వేసినా, చివరికి పెన్నుతో అక్షరం రాసినా అది బాపుదే. అక్షరాలు కంప్యూటర్ ఫాంట్‌గా కూడా వచ్చాయి. ఆ గీతని అనుకరించినవాళ్లు వందల్లో ఉన్నారు. మా స్కూల్లోనే ఏటా ఇద్దరు తయారయ్యేవాళ్లు. కళ్లూ జడా దిగిపోతాయి, గీత మాత్రం దిగదు. ఎందుకంటే వాళ్లు నేర్చుకున్నది బాపు ఎక్కడికి చేరాడో అది, ఎలా నడిచాడో అది కాదు.

మన శ్రీకాకుళం వడ్డాది పాపయ్యగారు (1921–1992) ఉన్నారు. చందమామ, యువ ముఖచిత్రాలు. మూలన 'వపా' అని చూడకముందే ఆ రంగుల తడి చెప్పేస్తుంది ఎవరిదో. నెల నెలా కొత్త కథ, కొత్త ముఖం, ఇచ్చిన గడువు. మరి ప్రయోగం చేశారా, శైలి పట్టుకున్నారా?

ఎదురుగాలిగారూ, గస్టన్ సంగతి బాగా చెప్పారు గానీ ఒకటి వదిలేశారు. 1950ల అబ్‌స్ట్రాక్ట్‌లు పక్కన పెట్టుకుని ఆ ముసుగు మనుషుల్ని చూడండి. అదే గులాబీ, అదే ఎరుపు, అదే ముద్దగా పడిన బ్రష్షు. మారింది విషయం. చెయ్యి మారలేదు.

జపాన్ చిత్రకారుడు హొకుసాయి ఇంకా తమాషా. జీవితంలో ముప్పైసార్లకి పైగా పేరు మార్చుకున్నాడు. శైలి మారినప్పుడల్లా కొత్త పేరు. లోకమంతా గోడకి తగిలించుకున్న ఆ పెద్ద అల వేసింది సుమారు 1831లో, డెబ్బై దాటాక. అయితే అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచే అలలు వేస్తూనే ఉన్నాడు. వెతికి చూడండి, 1805 ప్రాంతంలో వేసినదానిలో అల గట్టిగా, మట్టి గోడలా ఉంటుంది. నీళ్లలా ఉండదు. అన్ని పేర్లు మార్చినవాడూ అలని వదల్లేదు, మరి అతన్ని ఏ పెట్టెలో పెడతారు?


ఎదురుగాలి
డిసెంబర్ 2, రాత్రి 9.15

మాస్టారూ, ఒప్పుకుంటాను, గస్టన్ గులాబీ దగ్గర నన్ను పట్టేశారు. కానీ 'చెయ్యి దానంతటదే తెలుస్తుంది' అనేది గొప్పవాళ్ల విషయంలో వెనక్కి తిరిగి చూస్తే నిజం. ఇవాళ బజారులో నడుస్తున్నది వేరు. పేర్లు చెప్పను, మన రాష్ట్రంలోనే కొందరు ఒకే ముఖం, ఒకే చీర, ఒకే ముక్కుపుడక పాతికేళ్లుగా వేస్తున్నారు. అది చేతిరాత కాదు, రబ్బరు స్టాంపు.


మధురవాడ_ఐటీ
డిసెంబర్ 2, రాత్రి 9.30

తోట వైకుంఠం గురించేనా? ఆయన తెలంగాణ ఆడవాళ్ల బొమ్మలు నాకు చాలా ఇష్టం. ఆ పెద్ద బొట్టు, పసుపు, ఎరుపు. మళ్లీ మళ్లీ వేస్తే తప్పేంటి? త్యాగరాజ కీర్తన ఒకసారి పాడి వదిలేస్తారా?


ఎదురుగాలి
డిసెంబర్ 2, రాత్రి 9.34

ఆయన గురించి కాదు బాబూ. ఆయన తన ఊళ్లో చూసినవాళ్లని వేశాడు, ఆ రంగుల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. ఆయన్ని చూసి వేసేవాళ్ల గురించి నేనంటున్నది. కీర్తన పోలిక మాత్రం బాగుంది, దొంగిలిస్తాను.


బ్రష్షుబిడ్డ
డిసెంబర్ 3, తెల్లవారుజాము 1.05

నిద్ర పట్టక రాస్తున్నాను.

మా నాన్న సినిమా బ్యానర్లు వేసేవాడు. పెద్ద చదువేం లేదు, ఏడో క్లాసు. జగదాంబ చుట్టుపక్కల హాళ్లకి పని. గుడ్డ బిగించి, సరేసు జిగురు పూసి, ఆరాక మీద గళ్లు కొట్టేవాళ్లు. ఫోటో మీద కూడా పెన్సిల్‌తో అన్నే గళ్లు. ఒక్కో గడి చూసుకుంటూ పెద్దది చెయ్యడం. బట్టలూ ఆకాశమూ కుర్రాళ్లు వేసేవాళ్లు, ముఖం మాత్రం నాన్నదే. నిచ్చెన మీద నుంచి హీరో ముక్కు ఒక్కటే కనపడేది. మొత్తం ఎలా వచ్చిందో చూడాలంటే దిగి, రోడ్డుకి అవతల టీ కొట్టు దాకా నడవాలి. రోజుకి ఎన్ని టీలు తాగేవాడో.

ఆయనకి శైలి ఉందా? ఈ వారం హీరో, వచ్చే వారం దేవుడి సినిమా, మధ్యలో ఎన్నికలొస్తే పార్టీ నాయకులు. ఎంచుకునే వీలు ఎక్కడిది? కానీ గడ్డం కింద నీడకి ఆకుపచ్చ వేసేవాడు. అందరూ గోధుమ రంగు వేసేచోట ఆకుపచ్చ. అందుకే రిక్షావాళ్లకి కూడా తెలిసేది ఏ హాలు బ్యానర్ నాన్నదో.

తర్వాత ఫ్లెక్స్ వచ్చింది. రెండేళ్లలో పని మొత్తం పోయింది. గోడల మీద అక్షరాలు రాసుకుంటూ బతికాడు. ఆయన పోయి పదకొండేళ్లు. పూర్ణామార్కెట్ వెనక సందులో ఒక గోడ మీద 'ఇచ్చట చెత్త వేయరాదు' అని ఇంకా ఉంది. ఆ 'చ' తోక ఆయనదే, నాకు తెలుసు. దాని కిందే చెత్తకుప్ప.

ఉప్పుగాలిగారూ, నేను సలహా ఏమీ చెప్పలేను. ఇది చదువుతుంటే నాన్న గుర్తొచ్చాడు, అంతే.


పాత_మాస్టారు
డిసెంబర్ 3, ఉదయం 6.20

నాయనా, ఆ గోడని ఫోటో తీసి పెట్టుకో. ఈ రోజే. మున్సిపాలిటీవాళ్లు ఎప్పుడు సున్నం కొడతారో తెలీదు.


సిరిపురం_స్కెచ్
డిసెంబర్ 3, ఉదయం 10.45

పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నా, క్షమించండి. నేను ఫైన్ ఆర్ట్స్ రెండో సంవత్సరం. మాకిప్పుడే మొదలైంది ఈ గోల. వైవాలో అడిగే ప్రశ్న ఒకటే, 'నీ భాష ఏది?' నాకు 22 ఏళ్లు సార్. లినోకట్, అంటే లినోలియం రేకు చెక్కి అచ్చు వెయ్యడం, నేర్చుకుని నాలుగు నెలలు. చెక్కేటప్పుడు ఉలి జారి వేలు కోసుకోవడం మానిందే మొన్న. అప్పుడే భాష ఎక్కడినుంచి తేను?

మా బ్యాచ్‌లో సగం మంది ఫోన్‌లో చూసి ఒక 'భాష' తెచ్చేసుకున్నారు. ఒకడు అంతా వలలే వేస్తాడు. ఎందుకురా అంటే 'వైజాగ్ కదా' అంటాడు. వాడిది నర్సీపట్నం. చేపల వల దగ్గర్నుంచి చూశాడో లేదో.

మొరాండీ అని ఇటలీ చిత్రకారుడు జీవితమంతా ఎక్కువగా సీసాలే వేశాడని చదివాక మాత్రం మనసు కొంచెం కుదుటపడింది. బొలోన్యాలో చెల్లెళ్లతో ఒక ఇంట్లో ఉంటూ, పడకగదే స్టూడియోగా, అవే సీసాలు, అవే గిన్నెలు. పుస్తకంలో వరసగా చూస్తే ముందు విసుగొచ్చింది, పదో పేజీకి ఏదో అయ్యింది, ఒక సీసా రెండు వేళ్లు పక్కకి జరిగితే బొమ్మంతా మారిపోతోంది. అది ప్రయోగమా, శైలా? నాకు నిజంగా తెలీదు. ఎవరైనా చెప్పండి.


లక్కపిడత
డిసెంబర్ 3, రాత్రి 8.30

మాది ఏటికొప్పాక. వరాహ నది పక్కన. మా పెద్దనాన్న చెక్క బొమ్మలు చేస్తాడు, నేను అనకాపల్లిలో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో తరిణి (కర్రని తిప్పే యంత్రం) ముందు కూర్చుంటాను.

మీ అందరి మాటల్లో 'నాది', 'నీది' అని వినిపిస్తుంటే వింతగా ఉందండీ. మా దగ్గర శైలి ఊరిది. అంకుడు కర్ర తిరుగుతూ ఉంటుంది, లక్క కణికని దానికి ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి ఒత్తితే మెరుపు. ఎవరు చేసినా ఇంతే. 2017లో వచ్చిన భౌగోళిక గుర్తింపు కూడా ఊరి పేరు మీదే.

అలాగని మారకుండా ఉందా? మధ్యలో రసాయన రంగులు వచ్చాయి, మళ్లీ పసుపు, నీలి, జాఫ్రా గింజలకి తిరిగొచ్చాం. పిల్లలు నోట్లో పెట్టుకునేవి కదా. కుంకుమ భరిణెలు, లక్కపిడతలు ఉండేవి. ఇప్పుడు చెవి దుద్దులు, పెన్ను స్టాండ్లు. మా పెద్దనాన్న ఒకసారి బొంగరం పొట్ట కిందికి దింపి చేశాడు. బాగా తిరుగుతుంది, చూడ్డానికి బాగోదు. ఎవరూ కొనలేదు. ఇంట్లో ఇంకా పన్నెండున్నాయి. ఆయన కొత్తది ఏం చేసినా ముందు ఆ పన్నెండు చూపించి మా పెద్దమ్మ తిడుతుంది.

కానీ మా ఊళ్లోవాళ్లం వందలో కూడా చెప్పేస్తాం, ఏ బొమ్మ ఎవరిదో. గీత పెట్టేటప్పుడు మా పెద్దనాన్న చెయ్యి ఆఖర్న ఒక్క క్షణం ఆగుతుంది. అక్కడ రంగు కొంచెం లావవుతుంది. కొనేవాళ్లకి కనపడదు.


రీలురాణి
డిసెంబర్ 3, రాత్రి 9.00

ఆ పన్నెండు బొంగరాలు నాకు కావాలి. సీరియస్‌గా.


మధురవాడ_ఐటీ
డిసెంబర్ 4, రాత్రి 10.10

నేను మొదట రాసింది మళ్లీ చదువుకున్నా. ఉప్పుగాలిగారూ, మట్టి బొమ్మ ఒకటి చూడొచ్చా? కొంటానని మాటివ్వను. చూస్తాను. ఇంట్లో ఆవిడకి నీలం ఇష్టం, అదొక ఇబ్బంది.


ఎదురుగాలి
డిసెంబర్ 4, రాత్రి 10.25

ఇదీ మార్కెట్టు. ముందు ఆవిడకి నీలం ఇష్టం.

సరే, నా వైపు నుంచి ఒక సవరణ. 'పడవల్ని మర్చిపోండి' అన్నాను, అది నోటి దురుసు. మన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా జీవితం చూస్తే తెలుస్తుంది. 1950లో ఫ్రాన్స్ వెళ్లి ఏళ్లతరబడి ఊళ్లూ చెట్లూ వేశాడు, బిందువు దగ్గరికి వచ్చేసరికి అరవైకి దగ్గరపడ్డాడు. ఆ బిందువు ఎక్కడిదయ్యా అంటే చిన్నప్పుడు బడిలో మాస్టారు గోడ మీద పెట్టి చూస్తూ కూర్చోమన్న చుక్క. ఆ తర్వాత అదే బిందువు ఎన్నిసార్లు వేశాడో. మొదటి సగం మీకు నా వాదన, రెండో సగం గోడల యజమాని వాదన. నాకు ఇవాళ రెండూ ఆయన ఒక్కడిలోనే కనపడి చిరాగ్గా ఉంది.


ఫ్రేముల_షాపు
డిసెంబర్ 5, మధ్యాహ్నం 3.15

నాకు పెద్దగా రాయడం రాదు. ఈ మేడం బొమ్మలకి తొమ్మిదేళ్లుగా నేనే ఫ్రేములు కడుతున్నాను, అందుకని రాస్తున్నాను.

పోయిన నెల ప్రదర్శనకి ముందు మట్టి బొమ్మలు వేరే అబ్బాయి చేత పంపారు. చీటీ లేదు, సంతకం కనపడలేదు. షాపులో ఆరుగురి బొమ్మలు కలిసిపోయి ఉన్నాయి. మా కుర్రాడు, పని నేర్చుకుంటున్నాడు, సర్ది పెట్టమన్నాను. వాడు ఆ మట్టివి తీసుకెళ్లి మేడం పడవల పక్కన పెట్టేశాడు. ఎలా తెలిసిందిరా అన్నాను. 'అన్నీ ఎడమ పక్కకి ఒరిగిపోయి ఉంటాయి కదన్నా, కట్టేటప్పుడు నువ్వు తిట్టుకుంటావు కదా' అన్నాడు.

నిజమే. మేడం, మీ సముద్రం గీత ఎప్పుడూ ఎడమ పక్క ఒక అర సెంటీమీటరు దిగి ఉంటుంది. దిబ్బల్లోనూ అంతే. మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) కోసేటప్పుడు గీతకి సరిచూసి కోస్తే బొమ్మ వంకరగా వస్తుంది, కాగితానికి సరిచూసి కోస్తే సముద్రం వంకరగా వస్తుంది. తొమ్మిదేళ్లుగా ప్రతిసారీ ఇదే తలనొప్పి. మీకు తెలుసనుకుని ఎప్పుడూ చెప్పలేదు.


ఉప్పుగాలి
డిసెంబర్ 5, రాత్రి 11.30

తెలీదు.

ఇప్పుడే స్కేలు పెట్టి ఇంట్లో ఉన్నవన్నీ కొలిచాను. పదిహేడింటిలో పదిహేను ఒరిగే ఉన్నాయి. 2014లో హార్బర్ గట్టు మీద కూర్చుని వేసిన మొదటి స్కెచ్ కూడా. కాలేజీలో బస్సు దిగుతూ పడితే కుడి భుజం జారింది, అప్పట్నుంచి కుడిచెయ్యి పూర్తిగా ఎత్తలేను, ఒంగి వేస్తాను. దానివల్లేమో. మా ఆయన్ని పిలిచి చూపిస్తే 'ఇన్నాళ్లూ కావాలనే వేస్తున్నావనుకున్నా' అన్నారు.

ఇది తెలిశాక ఇందాక కాగితం ముందు కూర్చుంటే ఒక్క గీత పడట్లేదు. తిన్నగా గీస్తే దొంగతనంలా ఉంది, వంకరగా గీస్తే నటనలా ఉంది. అన్నా, మీరు చెప్పకుండా ఉండాల్సింది.


పాత_మాస్టారు
డిసెంబర్ 6, ఉదయం 6.05

నాలుగు రోజులు ఇల్లు సర్దుకోమ్మా. చెయ్యి మర్చిపోతుంది.


ఉప్పుగాలి
డిసెంబర్ 9, సాయంత్రం 6.50

మర్చిపోలేదు మాస్టారూ, కానీ బకెట్లో మట్టి ఎండిపోతుందన్న భయంతో మొన్న కూర్చున్నాను. ఈసారి కాగితం నిండా దగ్గర్నుంచి దిబ్బ గోడ ఒక్కటే, వర్షం కోసిన గాడులు. అసలు ఆకాశం గీతే లేదు, ఒరగడానికి. పక్కన ఒక చిన్న బొగ్గు పడవ వచ్చి కూర్చుంది, దిబ్బ మీద పడవ ఎందుకో అడక్కండి. మధురవాడగారూ, ఫోటో మెసేజ్‌లో పెట్టాను. నీలం లేదు.

ఫ్రేముల అన్నా, మొత్తం మూడున్నాయి. గురువారం తెస్తే కుదురుతుందా?


ఫ్రేముల_షాపు
డిసెంబర్ 9, రాత్రి 8.20

గురువారం వద్దు మేడం. మార్గశిరం కదా, కనకమహాలక్ష్మి గుడికి జనం, బురుజుపేట వైపు నుంచి ఆటో కూడా రాదు. శుక్రవారం పదకొండు తర్వాత రండి. కాగితాలు చుట్టి తేవద్దు, మట్టి రాలుతోంది. రెండు అట్టల మధ్య పెట్టి తెండి. ఎటు పక్క పైకో పెన్సిల్‌తో బాణం గుర్తు వెయ్యండి, గీత లేదంటున్నారు కాబట్టి మాకు తెలీదు.